ఒక్క ఇంజను నడపనిస్తామంటే ఏది అడగాలి?

రైలంటే పిచ్చి ఉన్నవాళ్ళు నలుగురు ఒకచోట చేరితే ఈ ప్రశ్న రాకుండా ఉండదు: ఒకే ఒక్కసారి ఇంజను నడపనిస్తామంటే ఏది కోరుకుంటావు? జవాబు హార్స్‌పవర్‌తో మొదలవుతుంది. ఒకరు ప్రయాణికుల బండ్లను లాగే కరెంటు ఇంజను పేరెత్తి "వ్యాప్-7, 6,350" అంటారు. ఇంకొకరు గూడ్సు ఇంజను పేరెత్తి "వ్యాగ్-12 ముందు అదెంత, 12,000" అంటారు. అంకెల్లో గెలిచేది ఎప్పుడూ కొత్త ఇంజనే కాబట్టి వాదన అక్కడే చచ్చిపోతుంది.

నా లెక్క వేరు. బండిని లాగే పని ఇంజను చూసుకుంటుంది. ఆపే పనే డ్రైవరుది. ఒక కిలోమీటరు ముందే మనసులో గీత గీసుకుని, రెండు డజన్ల బోగీలను ప్లాట్‌ఫారం చివర సరిగ్గా నిలబెట్టడంలో ఉన్న పనితనం నాచ్‌లు, అంటే శక్తి మెట్లు, పెంచడంలో లేదు. అందుకే ఏ ఇంజను గురించి అడిగినా ముందు దాని బ్రేకు సంగతి చూస్తాను: ఆపేటప్పుడు అది మనకు ఎంత సాయం చేస్తుంది, ఎంత మన అంచనాకు వదిలేస్తుంది? ఇంకో సలహా కూడా ఇప్పుడే చెప్పేస్తాను. ఇంజనును ఒక్కదాన్నే కోరుకోకండి. వెనక ఏ లోడు ఉండాలో, కింద ఏ దారి ఉండాలో కూడా కలిపి కోరుకోండి. ఖాళీ ఇంజనుతో చదును దారిలో వెళ్తే ఏదైనా ఒకటే.

ఆల్కో: పొగ చూసి మోసపోకండి

ముప్ఫై దాటిన అభిమానుల్లో ఎక్కువ మంది ఓటు డీజిల్ ఇంజను డబ్ల్యూడీఎం-2కే పడుతుంది. అమెరికన్ లోకోమోటివ్ కంపెనీ, అంటే ఆల్కో, గీసిన డిజైన్ ఇది. మొదటివి 1962లో ఓడల్లో వచ్చాయి. 1964 నుంచి వారణాసిలోని డీజిల్ లోకోమోటివ్ వర్క్స్‌లో మనమే తయారు చేసుకున్నాం. 16 సిలిండర్లు, 2,600 హెచ్‌పీ, 113 టన్నులకు కాస్త తక్కువ బరువు. తర్వాత అదే ఒంటిని 3,100 హెచ్‌పీకి పెంచి డబ్ల్యూడీఎం-3ఏ అన్నారు, 3,300కి పెంచి 3డీ అన్నారు. అసలు కంపెనీ అమెరికాలో 1969లోనే మూతపడింది. దాని వారసత్వం మాత్రం గుత్తి, కాజీపేట, మౌలాలి షెడ్లలో దశాబ్దాల పాటు కూత పెడుతూనే ఉంది.

థ్రాటిల్‌లో ఎనిమిది నాచ్‌లు. ఐడిల్‌లో ఇంజను నిమిషానికి 400 సార్లు తిరుగుతుంది, ఎనిమిదో నాచ్‌లో 1,000 సార్లు. నాచ్ పెంచిన వెంటనే సిలిండర్లలోకి డీజిల్ ఎక్కువ పడుతుంది. సిలిండర్లలోకి గాలి నెట్టే టర్బో మాత్రం ఇంకా వేగం అందుకుని ఉండదు. గాలి చాలని ఆ కొద్ది సెకన్లలో పుట్టేదే ఆకాశానికి ఎగదన్నే నల్లటి పొగ. ఫోటోలు తీసేవాళ్ళు కాచుకుని కూర్చునేది దానికోసమే. డ్రైవరు సీటులోంచి చూస్తే అదే పొగకు ఇంకో అర్థం ఉంది: చేయి కాస్త తొందరపడింది. టర్బో అందుకునే దాకా ఆగి, మోటార్లకు వెళ్ళే కరెంటు చూపే ఆంప్ మీటరు ముల్లు చూసుకుంటూ ఒక్కో నాచ్ పెంచేవాడి బండి పొగ తక్కువగా, కుదుపు లేకుండా కదులుతుంది. ఆల్కోను బాగా నడిపితే ఫోటో బాగా రాదు!

తొలకరి జల్లు పడి పట్టాలు జిడ్డుగా ఉన్నప్పుడు దీని అసలు స్వభావం బయటపడుతుంది. చక్రం జారిందని దీపం వెలగగానే నాచ్ తగ్గించాలి, ఇసుక వదలాలి, మళ్ళీ మొదలుపెట్టాలి. జారుడును సెకనులో పదో వంతులో పట్టుకుని సరిదిద్దే కంప్యూటరు ఇందులో లేదు. చెవులు, సీటు కింద వచ్చే వణుకు, ముల్లు, ఈ మూడే ఆధారం.

బ్రేకులకు రెండు పిడులు. ఏ-9 బండి మొత్తానికి, ఎస్‌ఏ-9 ఇంజనుకు మాత్రమే. కొత్తవాళ్ళు తడబడేది ఇక్కడే. బ్రేకు వేయడమంటే గాలి పంపడం కాదు, గాలి తీసేయడం. బండి పొడవునా ఉన్న బ్రేక్ పైపులో చదరపు సెంటీమీటరుకు 5 కిలోల పీడనం ఉంటుంది. దాన్ని తగ్గించినప్పుడే ప్రతి బోగీలోనూ బ్రేకు పడుతుంది. ఆ తగ్గుదల చివరి బోగీ దాకా పాకడానికి సమయం పడుతుంది, విడిచాక మళ్ళీ నిండడానికి ఇంకా ఎక్కువ పడుతుంది. అంటే మనం ఇప్పుడు కదిపిన పిడికి జవాబు కాసేపయ్యాక వస్తుంది. ఆ ఆలస్యాన్ని ముందే లెక్కలోకి తీసుకోవడమే ఈ విద్య.

అసౌకర్యాలు దాచను. వేడి, మోత, డీజిల్ వాసన. ఒకే వైపు క్యాబ్ ఉన్న ఇంజను కాబట్టి పొడవు మూతి, అంటే యంత్రం ఉన్న పొడవాటి భాగం, ముందుకు పెట్టి నడపాల్సి వస్తే ముందున్న దారి సగం కనిపించదు. అసిస్టెంటు తన వైపు సిగ్నల్ చూసి గట్టిగా చెబితేనే నమ్మకం. అయినా ఇంజనుతో మాటామాటా పెట్టుకోవాలనుకునేవాళ్ళకు నేను మొదట చెప్పేది ఇదే. కోరుకునేటప్పుడు గుంటూరు నుంచి గుంతకల్లు వైపు వెళ్ళే దారిలో, గిద్దలూరు దాటాక దిగువమెట్ట దగ్గర మొదలయ్యే నల్లమల ఘాట్ కూడా కలిపి కోరుకోండి. విద్యుదీకరణకు ముందు ఆ ఎక్కుడులో ఆల్కో గొంతు విన్నవాళ్ళకు ఎందుకో వివరించక్కర్లేదు.

ఈఎండీ అనే ఇంకో అమెరికన్ కంపెనీ డిజైన్ చేసిన డీజిళ్ళు, అంటే డబ్ల్యూడీజీ-4, డబ్ల్యూడీపీ-4 కుటుంబం, ఆల్కో పక్కన పెడితే బుద్ధిమంతులు. 4,000 హెచ్‌పీతో వచ్చి తర్వాత 4,500 దాకా వెళ్ళాయి. రెండు స్ట్రోకుల ఇంజను, ఏసీ మోటార్లు, చక్రం జారకుండా చూసుకునే కంప్యూటరు. గూడ్స్ లోడును నిలబడిన చోటు నుంచి కదిలించడంలో ఆల్కో వీటికి సాటిరాదు. నడపడంలో మజా అడిగితే మాత్రం తక్కువే అంటాను. డీజిల్ కావాలి గానీ చెమట వద్దు అనుకునేవాళ్ళు రెండు వైపులా క్యాబ్ ఉన్న డబ్ల్యూడీపీ-4డీ అడగండి. ఒకే క్యాబ్ ఉన్న పాతదాంట్లో పొడవు మూతి ముందు పెట్టుకున్న రోజు ఆల్కో కష్టాలన్నీ ఇక్కడా ఉంటాయి.

కరెంటు ఇంజన్లలో పాతదా, కొత్తదా?

ఈ పోటీ ముఖ్యంగా వ్యాప్-4కీ వ్యాప్-7కీ మధ్యే. రెండూ చిత్తరంజన్ ఇంజన్ల ఫ్యాక్టరీ బిడ్డలే. వ్యాప్-4 1994లో మొదలై 2015 వరకు తయారైంది, 5,050 హెచ్‌పీ. గూడ్స్ ఇంజనైన వ్యాగ్-9 గేర్ నిష్పత్తి మార్చి ప్రయాణికుల బండ్ల కోసం చేసిన ఇంజను వ్యాప్-7. 2000 ప్రాంతంలో వచ్చింది. సికింద్రాబాద్ దగ్గర లాలాగూడ షెడ్ పేరు పడ్డ తెల్లటి, ఎర్రటి వ్యాప్-7లను చూడని తెలుగు ప్రయాణికుడు అరుదు.

వ్యాప్-4లో శక్తి మెట్లు మెట్లుగా వస్తుంది. పైన తీగలోంచి వచ్చే 25,000 వోల్టులను ట్రాన్స్‌ఫార్మరు దించుతుంది. ట్యాప్ ఛేంజరు 32 మెట్లలో మోటార్లకు వోల్టేజీ పెంచుకుంటూ పోతుంది. ఒక్కో మెట్టుకూ ఒక చిన్న తోపు, ఒక చప్పుడు. మెట్ల మధ్య ఎంత ఆగాలి, ముల్లు ఎక్కడికి వచ్చాక తర్వాతి మెట్టు ఎక్కాలి అన్నది డ్రైవరు చేతిలో ఉంది. తొందరపడితే చక్రాలు జారతాయి, మరీ నెమ్మదిస్తే టైం పోతుంది. ఇద్దరు డ్రైవర్లు ఇదే ఇంజనుతో ఇదే బండిని కదిలిస్తే కళ్ళు మూసుకుని కూర్చున్న ప్రయాణికుడు కూడా తేడా చెప్పగలడు.

వ్యాప్-7లో మెట్లు లేవు. ఒకే పిడి. ముందుకు తోస్తే లాగుతుంది, వెనక్కి తీస్తే అవే మోటార్లు జనరేటర్లుగా మారి బండిని నిలవరిస్తాయి, పుట్టిన కరెంటును తిరిగి తీగలోకి పంపుతాయి. కావలసిన వేగం అందుకున్నాక ఒక మీట నొక్కితే ఆ వేగాన్ని అదే పట్టుకుని ఉంటుంది కూడా. పైగా బోగీల్లో దీపాలకూ ఏసీలకూ కరెంటు కూడా ఇంజను నుంచే ఇవ్వగలదు. 24 బోగీలతో ఎక్కడా కుదుపు లేకుండా కదులుతుంటే, నిజం చెప్పాలంటే, గొప్పగానే ఉంటుంది. కానీ ఆ గొప్ప దాన్ని తయారు చేసిన ఇంజనీర్లది.

ఇంతా చేసి వ్యాప్-7లో డ్రైవరుకు పని లేదనుకుంటే పొరపాటు. పని చేతుల నుంచి కళ్ళకు మారింది. బల్లార్షా, కాజీపేట, విజయవాడ, గూడూరు దారిలో ఇప్పుడు 130 కిలోమీటర్ల వేగానికి అనుమతి ఉంది. ఆ వేగంలో రెండు పసుపు దీపాలు కనబడ్డాయంటే తర్వాతిది ఒక పసుపు, ఆ తర్వాతిది ఎరుపు కావచ్చు. ఆలోచించుకోవడానికి దొరికేది అర నిమిషమే. మధ్యలో న్యూట్రల్ సెక్షన్లు ఒకటి. రెండు సబ్‌స్టేషన్ల కరెంటు కలవకుండా తీగలో విడిచిన ఆ చిన్న ముక్క రాకముందే సర్క్యూట్ బ్రేకరు తెరవాలి, అంటే డ్రైవర్ల భాషలో డీజే ఓపెన్ చేయాలి. శక్తి లేకుండా జారిపోయి, దాటాక మళ్ళీ మూయాలి. 500 మీటర్ల ముందు ఒక బోర్డు, 250 మీటర్ల ముందు ఇంకో బోర్డు హెచ్చరిస్తాయి. ఇవి చాలవన్నట్టు ఓ నిమిషం పాటు ఏ మీటా ముట్టకపోతే డ్రైవరు మెలకువగా ఉన్నాడా అని ఇంజనే దీపం వెలిగించి అడుగుతుంది. పట్టించుకోకపోతే బ్రేకు వేసేస్తుంది.

దీని తర్వాతి మెట్టు కవచ్, రైళ్ళు ఢీకొనకుండా తనంతట తానే బ్రేకు వేసే వ్యవస్థ. 2022 మార్చి 4న మన వికారాబాద్ వైపు గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య రెండు ఇంజన్లను ఒకే పట్టాల మీద ఎదురెదురుగా నడిపి చూపించారు. రైల్వే మంత్రి ఎక్కిన ఇంజను, ఎదుటిది ఇంకా 380 మీటర్ల దూరంలో ఉండగానే తనంతట తాను ఆగిపోయింది. ప్రయాణికుడిగా నాకు ఇంతకంటే మంచి వార్త లేదు. కల కనే అభిమానిగా అయితే, ఆపే పనిలో కూడా యంత్రం చేయి పెట్టాక ఇక నాకు మిగిలేదెంత అనిపిస్తుంది. అందుకే ఈ రెండింట్లో నా ఓటు వ్యాప్-4కు. ఉద్యోగంగా నడపాలంటే మాత్రం కళ్ళు మూసుకుని వ్యాప్-7 తీసుకోమంటాను. ఒంటికి తక్కువ శ్రమ, ప్రాణానికి ఎక్కువ భరోసా.

వేగమే కావాలంటే వ్యాప్-5 ఉంది. నాలుగు యాక్సిళ్ళు, 78 టన్నులు, 1995లో ఏబీబీ కంపెనీ నుంచి వచ్చిన ఇంజను. పరీక్షల్లో 184 కిలోమీటర్లు అందుకుంది, 2016లో గతిమాన్ ఎక్స్‌ప్రెస్‌ను ఢిల్లీ, ఆగ్రాల మధ్య 160తో నడిపింది. ఇప్పుడు అమృత్ భారత్ బండ్లకు ముందొకటి, వెనకొకటి కట్టి, ముందు క్యాబ్ నుంచే రెండింటినీ నడుపుతున్నారు. మాల్దా నుంచి బెంగళూరు వెళ్ళేది విజయవాడ మీదుగానే పోతుంది, చూడాలంటే దూరం వెళ్ళక్కర్లేదు. వందే భారత్ సంగతి అడుగుతారేమో. అందులో విడిగా ఇంజను లేదు కాబట్టి ఈ జాబితాలో చోటు లేదు.

గూడ్సును చిన్నచూపు చూడకండి

ఇంజను నడపాలని కలలు కనేవాళ్ళు ఎక్స్‌ప్రెస్ అడుగుతారు. పాత డ్రైవర్లు నేర్చుకున్నదంతా గూడ్సు మీదే. నా జాబితాలో మొదటి స్థానం కూడా ఒక గూడ్సు బండికే: కొత్తవలస, కిరందుల్ లైను.

బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు తేవడానికి, జపాన్‌కు ఆ ఖనిజం అవసరమై, వాళ్ళ సహకారంతో 1960లలో వేసిన దారి ఇది. దాదాపు 446 కిలోమీటర్లు, 58 సొరంగాలు. శిమిలిగూడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అరకు వెళ్ళేవాళ్ళందరూ విస్టాడోమ్ అద్దాల్లోంచి లోయలు చూస్తారు. పక్క లైనులో ఖనిజంతో నిండిన బండి దిగుతుంటే దాని ముందు క్యాబ్‌లో కూర్చున్నవాళ్ళ చేతులవైపు చూసేవాళ్ళు తక్కువ. దారి అమరిక అలాంటిది. నిండు లోడుతో శిమిలిగూడ నుంచి బొర్రా గుహల పక్కగా బొడ్డవర దాకా దిగుడే దిగుడు. వేల టన్నుల బరువు వెనక నుంచి తోస్తుంటే ఇక్కడ శక్తితో పనేముంది? అంతా పట్టు విడవకుండా దించడమే.

గాలి బ్రేకునే నమ్ముకుంటే ఏమవుతుందో పైన చెప్పిన సంగతిని బట్టి ఊహించవచ్చు. వేయడం, విడవడం, మళ్ళీ వేయడం చేస్తూ పోతే వ్యాగన్లలోని గాలి ట్యాంకులు నిండే వ్యవధి దొరకదు. చివరికి పిడి కదిలినా బ్రేకు బలంగా పడదు. చక్రాలు, బ్రేకు బ్లాకులు కాలిపోతాయి. అందుకని ఎక్కువ భారం మోటార్ల మీద వేయాలి, అంటే మోటార్లే జనరేటర్లుగా మారి నిలవరించే బ్రేకు మీద. గాలి బ్రేకును అవసరమైనంతే తాకి దాచుకోవాలి. ఘాటు మొదట్లోనే వేగం కాస్త ఎక్కువైతే దాన్ని మళ్ళీ దారిలోకి తేవడం చాలా కష్టం. పైనే నెమ్మదించినవాడు కింద నిశ్చింతగా ఉంటాడు.

ఈ దారికి ఏ ఇంజను? చరిత్ర ఇష్టమైనవాళ్ళకు వ్యాగ్-6. 1980ల చివర్లో స్వీడన్ నుంచి ఏఎస్ఈఏ కంపెనీవి ఆరు, జపాన్ నుంచి హిటాచివి రెండు రకాల్లో పన్నెండు, మొత్తం పద్దెనిమిది మాత్రమే వచ్చాయి. వాటి ఇల్లు విశాఖ షెడ్. ఇప్పుడు సర్వీసులో లేవు. రైల్వే అభిమానులు వాటి గురించి చెప్పేటప్పుడు గొంతు తగ్గించి మాట్లాడతారు, అంత అరుదు. వ్యాగ్-5 అయితే పాత పద్ధతి, ట్యాప్ ఛేంజరు, రెండు మూడు ఇంజన్లు కలిపి కట్టి ముందు క్యాబ్ నుంచే అన్నింటినీ నడపడం. వ్యాగ్-9 అయితే 123 టన్నుల బరువు, నిలవరించే మోటార్లు, దిగుడులో తీగలోకి తిరిగి వెళ్ళే కరెంటు. వీటిలో నేను వ్యాగ్-5 జంటను అడుగుతాను. వ్యాగ్-9తో ఘాటు దిగడం సులువు, క్షేమం. వ్యాగ్-5తో దిగితే దిగినట్టు ఒంటికి తెలుస్తుంది.

పొడవు మీద మోజు ఉన్నవాళ్ళకు ఇంకో మాట. 2021 అక్టోబరు 7న కొండపల్లి నుంచి ఖుర్దా వైపు త్రిశూల్, మర్నాడు రాయచూరు నుంచి మణుగూరుకు గరుడ పేరుతో మూడేసి గూడ్సు బండ్లను ఒకటిగా కలిపి, 177 వ్యాగన్లతో దక్షిణ మధ్య రైల్వే నడిపింది. అంత పొడవులో ముందు భాగం ఎక్కుడులో, మధ్య భాగం దిగుడులో ఉండొచ్చు. వ్యాగన్లను కలిపే కప్లింగులు ఒకచోట సాగుతుంటే ఇంకోచోట ఒత్తుకుంటూ ఉంటాయి. పైకి నిలకడగా కనిపించే ఆ బండి లోపల ఎప్పుడూ ఒక పెనుగులాట సాగుతూ ఉంటుందన్నమాట.

మధేపురాలో ఆల్‌స్టోమ్ తయారు చేస్తున్న వ్యాగ్-12బీ, రెండు ముక్కల 12,000 హెచ్‌పీ ఇంజను, 2020లో సర్వీసులోకి వచ్చింది. బలంలో దానికి మన దగ్గర ఎదురులేదు. ఒక రోజు నడపడానికి మాత్రం నేను అడగను. సరుకు దాని వెనక ఉందో లేదో క్యాబ్‌లో కూర్చున్నవాడికి తెలియనంత బలం ఉన్నప్పుడు ఆ రోజు గురించి ఇంటికొచ్చి చెప్పుకోవడానికి ఏముంటుంది?

బొగ్గు ఇంజను అడిగేవాళ్ళకు

ముందొక ప్రశ్న: మీకు నడపాలనుందా, మంట పెట్టాలనుందా? బొగ్గు ఇంజనులో ఇవి ఇద్దరి పనులు, రెండోది ఎక్కువ కష్టం. డ్రైవరు రెగ్యులేటరు తెరిచి ఆవిరి వదులుతాడు, సిలిండరులోకి ఆవిరి ఎంతసేపు వెళ్ళాలో లివరుతో తగ్గిస్తాడు. ఫైర్‌మన్ పది నిమిషాల తర్వాత రాబోయే ఎక్కుడు కోసం ఇప్పుడే బొగ్గు వేయాలి. పొయ్యి మీద పాలు పెట్టి పక్క గదిలో పని చేసుకునేవాళ్ళకు అర్థమవుతుంది ఈ ఒత్తిడి. పైగా బాయిలరులో నీటి మట్టం గాజు గొట్టంలో కనబడుతూ ఉండాలి. అది అడుగంటితే బండి ఆలస్యమవడంతో పోదు, ప్రాణాల మీదికే వస్తుంది.

డబ్ల్యూపీ అందరికీ తెలిసినది. తుపాకీ గుండు ఆకారంలో మూతి, దాని మీద నక్షత్రం. 1947లో అమెరికాలోని బాల్డ్‌విన్ నుంచి మొదటివి వచ్చాయి. 1967 దాకా పలు దేశాల్లో, చిత్తరంజన్‌లో కలిపి 755 తయారయ్యాయి. మన వైపు బిట్రగుంట లాంటి ఊరు ఆవిరి ఇంజన్ల షెడ్ నీడలోనే ఎదిగి, ఆ షెడ్‌తోనే తగ్గిపోయింది. పొడవైన బాయిలరు ముందుంటే పక్కకు వంగి చూస్తేనే సిగ్నల్ కనబడుతుంది. ముఖానికి గాలి, నడుముకు మంట. చదును దారిలో వంద కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్ నడిపిన డబ్ల్యూపీ అందం మీద నాకు పేచీ లేదు. నా కొలబద్దతో చూస్తే మాత్రం దానికంటే చిన్నది ఇంకొకటి ముందుంటుంది.

అది నీలగిరి ఎక్స్ తరగతి ఇంజను. స్విట్జర్లాండ్‌లోని వింటర్‌థూర్‌లో పుట్టిన డిజైన్. ఇటీవలి కాలంలో తిరుచ్చి గోల్డెన్ రాక్ వర్క్‌షాప్ కొత్తవి కూడా తయారు చేసింది. మేట్టుపాళయం, కూనూరు మధ్య బాగా నిటారుగా ఉన్న చోట్ల దాదాపు పన్నెండున్నర మీటర్లకే ఒక మీటరు ఎక్కాలి. మామూలు చక్రం అక్కడ జారిపోతుంది, అందుకని పట్టాల మధ్య పళ్ళ పట్టా ఉంటుంది. ఇంజనులో నాలుగు సిలిండర్లు. రెండు మామూలు చక్రాలను తిప్పుతాయి. వాటిలో వాడిన ఆవిరినే తీసుకుని మిగతా రెండూ పళ్ళ చక్రాలను తిప్పుతాయి. ఎక్కేటప్పుడు ఇంజను వెనక ఉండి తోస్తుంది, వేగం మనిషి పరుగు పాటి. దిగేటప్పుడు సిలిండర్లలోకి గాలి పీల్చి, దాన్నే అదిమి వేగం పట్టి ఉంచుతారు. ఇంకా చేతి బ్రేకులు, బోగీ బోగీకి జెండా పట్టుకుని నిలబడ్డ బ్రేక్‌మన్లు. ఒక ఇంజను మొత్తం ఆపడం చుట్టూనే ఆలోచించి కట్టినట్టు ఉంటుంది. చూడాలని వెళ్ళేవాళ్ళు ఎక్కే బండిలో వెనక బోగీలో సీటు పట్టుకోండి, ముందు కూర్చుంటే ఇంజను చప్పుడే గానీ మొహం కనబడదు.

డార్జిలింగ్ బీ తరగతి దీనికంటే ముద్దుగా ఉంటుంది. రెండడుగుల గేజి, 1889 నాటి డిజైన్, ముందు బంపరు మీద కూర్చుని తడి పట్టాల మీద చేత్తో ఇసుక చల్లే మనుషులు. ముద్దు కోసం అయితే అదే, పని కోసం అయితే నీలగిరి.

కల పక్కన పెట్టి, నిజంగా పిడి పట్టుకోవాలంటే

మన దేశంలో బయటి మనిషికి రైలు నడపనిచ్చే పథకం లేదు. తెలిసిన డ్రైవరు ఉన్నాడు కదా అని క్యాబ్ ఎక్కడం రైల్వే చట్టం 156వ సెక్షన్ కింద నేరం. మీ ముచ్చట కోసం ఆయన ఉద్యోగం మీదికి తేకండి.

ముప్ఫై లోపు వయసు, ఐటీఐ గానీ ఇంజనీరింగ్ డిప్లొమా గానీ ఉన్నవాళ్ళకు సూటి దారి అసిస్టెంట్ లోకో పైలట్ పరీక్ష. పుస్తకాలు కొనేముందు కళ్ళు పరీక్ష చేయించుకోండి. అద్దాలు లేకుండా రెండు కళ్ళకూ 6/6 ఉండాలి, రంగులు సరిగ్గా గుర్తుపట్టాలి, లేజర్ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళను తీసుకోరు. రెండేళ్ళు చదివి మెడికల్‌లో వెనక్కి వచ్చేవాళ్ళ బాధ చూడలేం. ఎంపికైనా ఇంజను మీరు కోరుకున్నది రాదు, డివిజన్ ఏది ఇస్తే అదే. షంటింగ్, గూడ్స్, ప్యాసింజర్ మెట్లు ఎక్కాకే మెయిల్ ఎక్స్‌ప్రెస్ చేతికొస్తుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకు ఇంతకంటే దగ్గరి దారి ఉంది, చాలా మందికి తెలియదు. కాలిఫోర్నియాలోని పోర్టోలాలో వెస్టర్న్ పసిఫిక్ రైల్‌రోడ్ మ్యూజియం డబ్బు కట్టినవాళ్ళకు పక్కన శిక్షకుడిని పెట్టి డీజిల్ ఇంజను నడపనిస్తుంది. బే ఏరియా నుంచి వారాంతంలో వెళ్ళి రావచ్చు, వేసవిలో వెళ్ళండి. నెవాడాలో, లాస్ వేగాస్ నుంచి కారులో నాలుగు గంటల దూరంలో ఉన్న ఈలీ ఊళ్ళో నెవాడా నార్తర్న్ రైల్వే అయితే ఆవిరి ఇంజనూ ఇస్తుంది, డీజిలూ ఇస్తుంది. అక్కడి 93వ నంబరు ఆవిరి ఇంజను 1909లో ఆల్కో చేసినదే. డీజిళ్ళలో ఆర్ఎస్-2, ఆర్ఎస్-3 కూడా ఆల్కోవే. వాటిలో ఉన్నది 244 రకం ఇంజను, దాని లోపాలు సరిదిద్ది తెచ్చిన 251 రకమే మన డబ్ల్యూడీఎం-2 గుండె. గుత్తి షెడ్ గోడ పక్కన పెరిగినవాళ్ళు ఆవిరి, డీజిల్ రెండింట్లో ఒకటే ఎంచుకోవాల్సి వస్తే ఆర్ఎస్-3 తీసుకోండి. బ్రిటన్‌లో ఉన్నవాళ్ళకు లెస్టర్‌షైర్‌లోని గ్రేట్ సెంట్రల్ రైల్వే ఆవిరి ఇంజను నడిపే కోర్సులు పెడుతుంది.

ఇవేవీ కుదరనివాళ్ళకు ఓపెన్ రైల్స్ ఉచిత సిమ్యులేటరు ఉంది. మన అభిమానులే వ్యాప్-7, డబ్ల్యూడీఎం-3ఏ లాంటివి తయారు చేసి పెట్టారు. అందరూ చేసేట్టు 24 బోగీలు కట్టి 130 దాకా తోలకండి. నిండు గూడ్సు లోడు కట్టుకుని, దిగుడు ఉన్న రూటు తీసుకుని, 30 కిలోమీటర్ల వేగం దాటకుండా కిందికి దించి, స్టేషన్ చివర ఉండే స్టార్టర్ సిగ్నల్ ముందు ఆపి చూడండి. మొదటిసారి సిగ్నల్ దాటిపోతారు. రెండోసారి అర కిలోమీటరు ముందే ఆగిపోయి, బ్రేక్ పైపు నిండే దాకా కూర్చుంటారు.